ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా: ఇసుక మీద నడక చిట్టా

విశాఖ ఆర్కే బీచ్ నుంచి బీచ్ రోడ్డు మీద భీమిలి పాతిక కిలోమీటర్ల పైచిలుకు. రోడ్డున నడిచేవాడికి ఆ లెక్క సరిపోతుంది. ఇసుకలోకి దిగితే మాత్రం కిలోమీటర్లు పక్కన పెట్టి వేళ చూసుకోవాలి. ఆటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, తడిసి గట్టిపడ్డ ఇసుక మీద గంటకు నాలుగు కిలోమీటర్లు సునాయాసంగా పోవచ్చు. అదే చోట పోటు వేళకి చీలమండ దాకా దిగబడే పొడి ఇసుకే మిగులుతుంది. గంటకు రెండున్నర నడిస్తే గొప్ప, పైగా పిక్కలు పీకేస్తాయి. అందుకే మేం ఈ దారిని ముక్కలు చేసుకుని, ఒక్కో ముక్కకి ఆటు కుదిరే ఆదివారం చూసుకుని నడుస్తున్నాం. మేం అంటే నేనూ, మా బావా. వానలు పోయాక తీరం బాగా మారింది కాబట్టి పాత వివరాలు సరిచేసి రాస్తున్నాను.

ముందు ఆటుపోట్ల సంగతి. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఇవాళ ఆటు ఆరింటికి అయితే రేపు దాదాపు ఏడు గంటలకు వస్తుంది, రోజుకు సుమారు యాభై నిమిషాల జాప్యం. అమావాస్యకీ పౌర్ణమికీ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ నీళ్లు ఎంత పైకి ఎక్కుతాయో అంత కిందకీ దిగుతాయి. ఆ రోజుల్లో వేళ కుదిరితే రహదారి లాంటి ఇసుక దొరుకుతుంది, తప్పితే సముద్రం గోడ దాకా వచ్చేస్తుంది. అష్టమి దగ్గర్లో ఎక్కువ తక్కువల తేడా చిన్నది. కొత్తగా నడిచేవాళ్లకి నేను అష్టమే చెప్తాను. ఇంట్లో గోడకి పంచాంగం ఉంటుంది కదా, తిథి చూసుకుని ఆ తర్వాత ఫోన్‌లో విశాఖ ఆటు వేళలు చూసుకుంటే చాలు. ఆటుకి రెండు గంటల ముందు ఇసుకలోకి దిగి, ఆటు అయిన రెండు గంటల్లోపు రోడ్డెక్కేయాలి. సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ వాళ్లు పెద్ద అలల హెచ్చరిక ఇచ్చిన రోజున అసలు దిగకూడదు, ఆకాశం నిర్మలంగా ఉన్నా సరే. ఎక్కడో దూరాన రేగిన అలలు ఇక్కడికి రావడానికి ఇక్కడ మబ్బు పట్టనక్కర్లేదు.

గాలి కూడా చూసుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి, భీమిలి వైపు నడిచేవాడికి వెనక నుంచి తోస్తుంది. కార్తీకం వచ్చేసరికి ఈశాన్యం నుంచి ఎదురు తంతుంది. కాబట్టి చలికాలంలో పొద్దున్నే బస్సెక్కి భీమిలిలో దిగి, విశాఖ వైపు నడిచి రావడమే సుఖం. ఇంటికి దగ్గరవుతున్నామన్న ధైర్యం కూడా ఉంటుంది. బీచ్ రోడ్డు మీదుగా భీమిలి పోయే సిటీ బస్సు 900కె. సెలవు రోజు సాయంత్రాలు మాత్రం ఆ బస్సులో రుషికొండ దగ్గర కాలు పెట్టే చోటుండదు.

ఆర్కే బీచ్, పెదజాలారిపేట

ఈ ముక్క గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. కురుసుర జలాంతర్గామి దగ్గర తెల్లవారుజామున వాహనాలు ఆపేస్తారు కాబట్టి రోడ్డే నడకదారి అయిపోతుంది. ఇసుక మాత్రం ఏడాదికో తీరుగా ఉంటుంది. ఎండాకాలం నుంచి నైరుతి పోయే దాకా ప్రవాహం ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకొస్తుంది. ఔటర్ హార్బర్ కట్టిన దగ్గర్నుంచీ ఆ ఇసుక గోడల వెనకే ఆగిపోతోంది. పోర్టు వాళ్లు తవ్వి తీసిన ఇసుకని మళ్లీ ఆర్కే బీచ్‌లో పోయిస్తుంటారు. అలా పోసిన తర్వాత కొన్నాళ్లు బీచ్ వెడల్పుగా, మెత్తగా ఉంటుంది. తుఫాను తగిలిందంటే ఒక్క రాత్రిలో నిలువునా కోత పడి, మనిషి నడుమెత్తు గట్టు తయారవుతుంది. గట్టు అంచున నడవొద్దు, కింద బోలుగా ఉంటుంది.

పెదజాలారిపేట దగ్గర బోట్లు, వలలు, ఎండుచేపల మధ్య నుంచి దారి. చేపలు ఆరబోసిన చోట పక్క నుంచి పోవడం మర్యాద, అది వాళ్ల కళ్లం. అలివి వల లాగుతుంటే తాళ్లు దాటకండి. అటు పక్కన ఇరవై మంది ఒక్కసారి లాగితే తాడు మోకాలి ఎత్తుకి లేస్తుంది. ఆగి చూడండి, లేదంటే వాళ్ల వెనక నుంచి చుట్టి పోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. ఆ రెండు నెలలూ పెద్ద బోట్లన్నీ హార్బర్‌లోనే కట్టేసి ఉంటాయి, ఒడ్డున కనిపించేదల్లా తెప్పల వేటే.

లాసన్స్ బే నుంచి సాగర్‌నగర్

ఇక్కడ అసలు చిక్కు గెడ్డలు. ఊళ్లోంచి వచ్చే నీళ్లు ఇసుకని కోసుకుంటూ సముద్రంలో కలుస్తాయి. మామూలు రోజుల్లో గెంతేయొచ్చు. వాన కురిసిన రెండు రోజుల దాకా గెంతే వెడల్పు కాదు, పైగా ఆ నీళ్లలో కాలు పెట్టబుద్ధి కాదు. రోడ్డెక్కి కల్వర్టు మీద నుంచి దాటండి, పది నిమిషాల తేడా.

తెన్నేటి పార్కు, జోడుగుళ్లపాలెం దగ్గర కైలాసగిరి నేరుగా సముద్రంలోకి దిగినట్టుంటుంది. రాళ్ల మీద నాచు. 2020 అక్టోబరులో వాయుగుండం గాలికి లంగరు తెగి, బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి ఈ పార్కు కింద రాళ్ల మీదకే కొట్టుకొచ్చింది. ఓడకే ఆ గతి పట్టిన చోట పోటు వేళ రాళ్లు పట్టుకుని పాకుదామనుకోవడం తెలివి కాదు. నా మాట: ఈ కిలోమీటరూ రోడ్డు మీదే నడవండి, పార్కులో నీళ్లు తాగి సాగర్‌నగర్ వైపు మళ్లీ ఇసుకలోకి దిగండి.

సాగర్‌నగర్‌లో తాబేళ్ల గుడ్ల సంరక్షణ కేంద్రం ఉంది, పైన చేపలుప్పాడ, పెదనాగమయ్యపాలెం వైపూ ఉన్నాయి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిళ్లు ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. గుడ్లు పొదగడానికి నెలన్నర పైనే పడుతుంది. ఈ కాలంలో తెల్లారకుండా టార్చి వేసుకుని నడిచే అలవాటు మానుకోండి, వెలుతురు చూసి తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోతుంది. ఇసుక మీద ట్రాక్టరు చక్రం గుర్తులాంటి జాడ కనిపిస్తే అది తాబేలు పోయిన దారి. తొక్కకండి, తవ్వి చూడకండి, అటవీశాఖ వాళ్లకి కబురు చెప్పండి.

రుషికొండ, మంగమారిపేట

రుషికొండ దాకా ఇసుక బాగుంది. బ్లూ ఫ్లాగ్ (శుభ్రతకీ భద్రతకీ ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) ఉన్న బీచ్ కాబట్టి మరుగుదొడ్లు, మంచినీళ్లు, బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి. నడిచేవాళ్లకి ఇది మంచి మజిలీ, అంతకుమించి ఇక్కడ ఆగక్కర్లేదు. ఇక్కడ సీసాలు నింపుకోండి, తర్వాత చాలాసేపటి దాకా నమ్మకమైన నీళ్లు దొరకవు. స్నానాలకి జెండాలు పెట్టిన చోటు దాటి దిగొద్దు. రుషికొండలోనూ, ఆర్కే బీచ్‌లోనూ లోపలికి లాగేసే ప్రవాహాలు పైకి ప్రశాంతంగానే కనిపిస్తాయి. అలలు విరగని, మధ్యలో సాఫీగా ఉన్న చోటే ప్రమాదం.

మంగమారిపేట ముక్క నాకు అన్నిటికంటే ఇష్టం. ఊరి పక్కన సముద్రం తొలిచిన రాతి తోరణం ఉంది. ఆటు వేళకి దాని చుట్టూ తిరిగి చూడొచ్చు, పోటుకి అలలు కింద నుంచి దూసుకొస్తాయి. పైకెక్కి ఫోటో దిగే సరదా వద్దు, రాయి పొరలు పొరలుగా లేచిపోతోంది. ఇక్కడి కొండలన్నీ తూర్పు కనుమల ఖోండలైట్ రాయి. దాన్లో గార్నెట్ అనే ఎర్రటి ఖనిజం రవ్వలు ఉంటాయి. రాయి అరిగి ఆ రవ్వలు ఇసుకలో కలుస్తాయి. గట్టి అలలు వచ్చి వెళ్లిన మర్నాడు వంగి చూడండి: తేలికైన తెల్ల ఇసుకని నీళ్లు లాక్కుపోగా, బరువైన రవ్వలు మిగిలి వంగపండు రంగు చారలు, వాటి పక్కనే ఇల్మనైట్ అనే ఖనిజం నల్ల చారలు పడతాయి. దోసిట్లోకి తీసుకుంటే మామూలు ఇసుక కంటే బరువు తెలుస్తుంది. మధ్యాహ్నం ఎండలో ఆ నల్ల చార మీద వట్టి కాళ్లతో నడిచారో, తాతలు దిగొస్తారు.

ఊరి చివర వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని దారి అడిగితే, మా వైపు కాదు, సముద్రం వైపు చూసి చెప్పాడు: "ఇప్పుడైతే ఎల్లిపోవచ్చు బాబూ. భోజనాలేళకి పోటొచ్చేస్తాది. అప్పుడు ఆ రాళ్లకాడ ఇరుక్కుపోతారు, రోడ్డెక్కీయండి." ఫోన్‌లో చూసిన వేళకీ ఆయన చెప్పిన దానికీ అరగంట కూడా తేడా లేదు. రాళ్ల సంగతి మాత్రం ఫోన్ చెప్పలేదు. ఏ పాలెంలో అయినా ముందు మనిషిని అడగండి.

తొట్లకొండ పక్కదారి

బీచ్ రోడ్డు నుంచి కొండ మీదకి రోడ్డుంది. ఎత్తు 128 మీటర్లే అయినా ఇసుకలో నడిచొచ్చిన కాళ్లకి గట్టిగానే తగులుతుంది. నౌకాదళం వాళ్లు విమానంలో సర్వే చేస్తున్నప్పుడు బయటపడ్డ బౌద్ధారామం ఇది. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తుశాఖ తవ్వించింది. రెండు వేల ఏళ్ల క్రితం భిక్షువులు రాతిలో తొట్లు తొలిచి వాన నీళ్లు పట్టుకున్నారంటేనే తెలుస్తోంది కదా, కొండ మీద ఊటలు లేవని. మీ నీళ్లు మీరే మోసుకెళ్లాలి. ఎండాకాలం పదింటి తర్వాత వెళ్లడం దండగ, నీడ తక్కువ. పొద్దున్నే వెళ్తే పై నుంచి తీరమంతా కనిపిస్తుంది, గెడ్డలు ఎక్కడెక్కడ తెగి ఉన్నాయో అక్కడి నుంచే చూసుకుని దిగొచ్చు.

బావికొండ బౌద్ధారామం కూడా కలుపుకుందామంటే వేరే రోజు పెట్టుకోండి. ఇసుక నడకతో రెండు కొండలూ ఒకే పూట అయ్యే పని కాదు.

చేపలుప్పాడ, ఎర్రమట్టి దిబ్బలు

సరుగుడు తోటల పక్కన బాలబందితీగ పాకిన గట్టు మీద నడక హాయి. కానీ రావణాసురుడి మీసాలు జాగ్రత్త. ఆ గడ్డి ఆకు కొసలు సూదులే, చెప్పుల సందులోంచి గుచ్చుకుంటాయి. పల్లేరుకాయలు ఇంకో బాధ. మూసి ఉన్న బూటే ఇక్కడ దారి, రుషికొండ దాకా ఏం వేసుకున్నా ఫర్వాలేదు. నేవీ బోర్డులు కనిపించిన చోట ఇసుక వదిలేసి రోడ్డెక్కాలి, అటు కెమెరా తిప్పకూడదు. ఇది ఎవరూ వాదించాల్సిన విషయం కాదు.

దిబ్బల్ని 2014లో భూవిజ్ఞాన సర్వే వాళ్లు భౌగోళిక వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కాయి. చివరి మంచుయుగంలో సముద్రం వంద మీటర్లకు పైగా కిందకు తగ్గినప్పుడు, బయటపడ్డ నేల మీది ఇసుకని గాలి మోసుకొచ్చి పోసింది. కాలక్రమంలో రవ్వల చుట్టూ ఇనుప ఆక్సైడు పూత పట్టింది. చేత్తో నలిపితే వేలికి ఎర్రగా అంటుకునేది అదే.

లోపల గండ్లు చీలిపోయి ఉంటాయి. ఒక మలుపు తిరిగితే రోడ్డు శబ్దం ఆగిపోతుంది, ఇంకో రెండు మలుపులకి ఏ గండిలోంచి వచ్చామో తెలీదు. అడుగున వాన నీళ్లు పారిన జాడ పట్టుకోండి, అది కిందకి, సముద్రం వైపే తీసుకెళ్తుంది. గోడలకి దగ్గరగా కూర్చోకండి. పైన జీడిమామిడి వేళ్లు గాల్లో వేలాడుతుంటే ఆ కింద మట్టి ఇటీవలే జారిందని అర్థం. ఇప్పుడు కొత్త కోతలు చాలా కనిపించాయి. గోడలెక్కి జారడం, పేర్లు చెక్కడం చేసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. గడ్డకట్టిన ఇసుక తప్ప అది రాయి కాదు, పిడికెడు రాలిందంటే మళ్లీ అతుక్కోదు. వాన పడుతుంటే లోపలికి అసలు వెళ్లొద్దు.

భీమిలి

దిబ్బల నుంచి నేరెళ్లవలస మీదుగా భీమిలి చేరడం తేలిక, ఇసుక వెడల్పుగా ఉంది. ఊళ్లో డచ్చి సమాధులు, లైట్‌హౌస్ చూసి, పావురాలకొండ ఎక్కే ఓపిక ఉంటే ఎక్కండి. మా బావ ఓపిక ఎప్పుడూ బజ్జీల బండి దగ్గరే అయిపోతుంది. గోస్తని కలిసే చోట ఇసుక తిన్నె ఈసారి ఉత్తరానికి పెరిగింది. ఆటు వేళకి నది ఇరుకుగా, లోతు లేనట్టే కనిపిస్తుంది. నడిచి దాటే ప్రయత్నం చెయ్యకండి. నది నీళ్లు, సముద్రం కలబడే చోట అడుగున ఇసుక నిలకడగా ఉండదు.

ఇక అవతలి ఒడ్డు. వంతెన మీదుగా చుట్టి, ముక్కాం వైపు దిగి, చంపావతి కలిసే కోనాడ దాకా పోవాలని ఉంది. అటు పోయి వచ్చిన జాలర్లని అడిగితే మధ్యలో దుకాణాలు తక్కువ, నీడ అంతకంటే తక్కువ అన్నారు. చోడి (రాగి) అంబలి సీసాలో పోసుకుని, మనిషికి మూడు లీటర్ల నీళ్లతో, సంక్రాంతి దాటాక అష్టమి పడ్డ ఆదివారం చూసుకుని బయల్దేరతాం. బావ మాత్రం తిరుగు బస్సు ఏ ఊళ్లో దొరుకుతుందో ముందు కనుక్కోమంటున్నాడు. ఆ పనే చూస్తున్నాను.