మా జీపుకు నేనే అతికిన పొగగొట్టం

కళింగపట్నం వైపు ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఉప్పుగాలి ఇనుమును ఏం చేస్తుందో చెప్పనక్కరలేదు. మా పాత డీజిల్ జీపు సైలెన్సర్ పెట్టె బాగానే ఉన్నా, ఇంజను నుండి దాని దాకా వచ్చే గొట్టం రెండుచోట్ల చిల్లులు పడి, నేను ఊరి మొగలో ఉండగానే ఇంట్లో అన్నం వడ్డించేంత మోత మొదలైంది.

పాతదాన్ని చూపించి అలాంటిదే వంచి ఇమ్మని ఒక దుకాణంలో అడిగితే, ప్రెస్సులో వంచిన గొట్టం చేతిలో పెట్టారు. వంపు దగ్గర అది నొక్కుకుపోయి, పొగ పోయే దారి బాగా ఇరుకైపోయింది. గొట్టం లోపల మాండ్రెల్, అంటే గోడ నొక్కుకుపోకుండా ఆపే ఇనుప దిమ్మ, ఉంచి వంచితే ఆ ఇబ్బంది ఉండదు. అటువంటి యూ ఆకారపు బెండ్లు నాలుగు, ఒక తిన్నని గొట్టం గాజువాక ఆటోనగర్‌లో కొన్నాను; బయటి వ్యాసం 45 మిల్లీమీటర్లు, మందం 1.5. ఇంట్లో మిగిలిన నీళ్ల జీఐ పైపు వాడుకోమన్నవారూ ఉన్నారు. దాని మీది జింకు వెల్డింగ్ వేడికి తెల్లటి పొగగా లేస్తుంది, అది పీల్చినవాడికి రాత్రికి చలిజ్వరం తప్పదు కనుక ఆ మాట వినలేదు.

అసలు కష్టమంతా కోతలో ఉంది. తిన్నని గొట్టానికైతే కాగితం పట్టీ చుట్టి, దాని అంచు వెంట గీత గీసుకుంటే కోత చక్కగా వస్తుంది. వంపు మీద ఆ ఉపాయం పనిచేయదు. కంటి అంచనాతో కోసిన మొదటి ముక్క నోరు గుండ్రంగా కాక కోడిగుడ్డులా వచ్చి, తిన్నని గొట్టం నోటికి ఏ వైపు తిప్పినా కలవలేదు. వెల్డింగ్ దుకాణం నడిపే మా బావమరిది దాన్ని చూసి, "ఏటి బావా, సందులో ఏలు దూరిపోతంది, దాన్ని రాడ్డుతో పూడ్సేద్దామనా?" అన్నాడు. తర్వాత బెండును సిమెంటు గచ్చు మీద పెట్టి, చుట్టూ సుద్దతో గీసి, ఆ వంపు కేంద్రం ఎక్కడో కనుక్కుని, అక్కడి నుండి 15 డిగ్రీలకొక గీత లాగించాడు. కోత ఆ గీతల వెంటే సాగితే నోరు గుండ్రంగానే వస్తుంది.

బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, ముక్కలను జీపు కిందనే అమర్చి, ప్రతి అతుకుకూ నాలుగేసి టాకులు, అంటే ముక్కలు కదలకుండా పట్టి ఉంచే చిన్న వెల్డింగ్ చుక్కలు, మాత్రమే వేశాం. బ్రేకు పైపుకు, డీజిల్ ట్యాంకుకు ఎడం సరిచూసుకున్నాక మొత్తం విప్పి బయట పూర్తిగా అతికాం. ఇంత పలుచటి గొట్టానికి 2 మిల్లీమీటర్ల రాడ్డు, 45 ఆంపియర్లు, రాడ్డు వెల్డింగ్ మిషను నెగటివ్ వైపు. ఇంకాస్త పెంచిన ప్రతిసారీ చిల్లి పడింది. ఒకేవైపు చుట్టుకుంటూ పోతే అతుకు చల్లారేటప్పుడు గొట్టాన్ని తనవైపు లాగేస్తుంది కనుక, కొంచెం ఇటు, కొంచెం ఎదురువైపు వేస్తూ వచ్చాం.

రెండు మీటర్ల ఉక్కు గొట్టం 300 డిగ్రీలు వేడెక్కితే సుమారు 7 మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే దాన్ని ఛాసిస్‌కు బిగించకుండా రబ్బరు హ్యాంగర్లకు వేలాడదీశాం. ఇంజను చల్లగా ఉండగా స్టార్టు చేసి, అతుకుల మీద సబ్బునీళ్లు రాస్తే ఒకచోట బుడగలు లేచాయి. అక్కడ గ్రైండర్ పట్టి మళ్లీ అతికాం. వేడికి నిలిచే రంగు రెండు పూతలు వేశాను. గొట్టం ఇంజనుకు బిగిసే మానిఫోల్డు ఫ్లాంజి దగ్గర మాత్రం ఒక బుడగ ఇంకా వస్తూనే ఉంది. అది వెల్డింగ్ తప్పు కాదు, పాత గ్యాస్కెట్ తిరిగి వాడిన నా పిసినారితనం.