మిల్లు ప్యానెళ్ల ముందు థర్మల్ కెమెరాతో: నా అనుభవం

గుంటూరు జిల్లాలో ఒక స్పిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తాను. ఏటా ఇన్సూరెన్సు రెన్యువల్ దగ్గరపడేసరికి థర్మోగ్రఫీ రిపోర్టు (వేడిని ఫొటోగా చూపే కెమెరాతో ప్యానెళ్లను తనిఖీ చేసిన నివేదిక) అడుగుతారు. ఇన్నాళ్లూ బయటి ఏజెన్సీవాళ్లు వచ్చి, ప్యానెళ్లన్నీ ఒక పూట తిరిగి, రంగురంగుల ఫొటోలతో పుస్తకం కట్టించి ఇచ్చి వెళ్లేవారు. మధ్యలో ఏ లగ్గు (కేబుల్ చివర బిగించే లోహపు ముక్క) వదులైనా మళ్లీ ఏడాది దాకా ఎవరికీ తెలియదు. దూది ఉన్నచోట ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని మేనేజ్‌మెంటు ఈసారి కెమెరానే కొనిచ్చి, ఇక నువ్వే చూసుకో అంది.

చేతిలో పట్టుకుని వాడే రకం. అడ్డంగా 160, నిలువుగా 120 పిక్సెళ్లు. అంటే ఒక్కో ఫొటోలో 19,200 చోట్ల ఉష్ణోగ్రత నమోదవుతుంది. కచ్చితత్వం ప్లస్ ఆర్ మైనస్ 2 డిగ్రీలు, లేదా చూపిన అంకెలో 2 శాతం, ఏది ఎక్కువైతే అది. ఆ కాగితం చూసి మా మేనేజర్ సార్ ముచ్చటపడ్డారు. "రెండు డిగ్రీలే కదయ్యా తేడా, ఇంకేం కావాలి" అన్నారు. ఆ రెండు డిగ్రీలు ఎమిసివిటీ (ఉపరితలం సొంతంగా వేడి కిరణాలు పంపే గుణం), ఎదుటి ప్రతిబింబం, దూరం అన్నీ సరిగ్గా ఉన్నప్పటి మాట. లేకపోతే ముప్పై నలభై డిగ్రీలు కూడా తేడా రావచ్చు.

ప్యానెల్ తలుపు తీసే ముందు క్యాంటీన్ బల్ల మీద ఒక పరీక్ష చేశాను. కొత్తగా కెమెరా పట్టేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. ఒక స్టీలు గ్లాసు తీసుకుని సగం మేర నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి, బాగా వేడి నీళ్లు పోయండి. కెమెరాలో ఎమిసివిటీ 0.95 పెట్టి చూడండి. నాకు టేపు మీద 82 చూపించింది. దాని పక్కనే వేలెడు దూరంలో మెరిసే స్టీలు మీద 42. గ్లాసు ఒకటే, నీళ్లు ఒకటే. పక్కన నిలబడి చూస్తున్న మా ఎలక్ట్రీషియన్ కుర్రాడు నమ్మక స్టీలు మీదే వేలు పెట్టి, చురుక్కుమనేసరికి వెనక్కి లాక్కున్నాడు.

సంగతేమిటంటే కెమెరా నేరుగా ఉష్ణోగ్రతను కొలవదు. ఉపరితలం నుంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను, దాదాపు 8 నుంచి 14 మైక్రాన్ల మధ్యవాటిని, పట్టుకుని లెక్క కట్టి చెబుతుంది. ఆ కిరణాల్లో వస్తువు సొంతంగా పంపినవి కొన్ని, చుట్టుపక్కల వాటివి తగిలి తిరిగొచ్చినవి కొన్ని. ఆ వేడి దగ్గర ఏ ఉపరితలమైనా గరిష్ఠంగా పంపగలిగినదాంట్లో ఇది సొంతంగా ఎంత మేర పంపుతోందన్నదే ఎమిసివిటీ. టేపు, పెయింటు, కేబుల్ తొడుగు లాంటివి 0.9 పైనే ఉంటాయి. మెరుగుపెట్టిన రాగి, అల్యూమినియం 0.1 కూడా ఉండవు. కొత్త బస్‌బార్ (ప్యానెల్లో కరెంటు మోసే లోహపు పట్టీ) వైపు కెమెరా పెడితే అది అద్దం లాంటిదే, మనకు చూపించేది ఎదురుగా ఉన్న మనల్నే.

షెడ్డులో మొదటిరోజు అదే జరిగింది. మెయిన్ ప్యానెల్ దగ్గర కుర్రాడు "సార్, బస్‌బార్ మధ్యలో వేడి మచ్చ!" అని అరిచాడు. "ఓ అడుగు పక్కకి జరిగి చూడు" అన్నాను. అతను జరిగాడు, మచ్చ కూడా జరిగింది. అది అతని మొహమే. నిజమైన వేడి మనతోపాటు నడవదు. అందుకే ఇప్పుడు ఏ మచ్చ కనిపించినా రెండు మూడు కోణాల నుంచి చూశాకే మీట నొక్కుతాం. మరీ ఏటవాలుగా చూసినా అంకె చెడుతుంది కాబట్టి వీలైనంత ఎదురుగానే ఉంటాం.

మరి మెరిసే లోహం వేడిని ఎలా చదవాలి? ఎమిసివిటీ 0.1 అని పెట్టి చూడొచ్చు కదా అంటారు. పెట్టొచ్చు గానీ అంత కింద చిన్న పొరపాటు కూడా పెద్ద తేడా తెస్తుంది, ఆ అంకెని నేను రాసుకోను. దానికి బదులు లగ్గును ఆనుకుని ఉన్న కేబుల్ తొడుగు చూస్తాను, లేదా హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి తగిలితే ముడుచుకుని బిగిసే తొడుగు) చూస్తాను. బోల్టుకీ వాషర్‌కీ మధ్య సందు, లగ్గు లోపలి గుంట కూడా పనికొస్తాయి. సందుల్లో కిరణాలు అటూ ఇటూ తగిలి బయటికి వస్తాయి కాబట్టి చదునైన లోహం కంటే అక్కడి అంకె నిజానికి దగ్గరగా ఉంటుంది. షట్‌డౌన్ దొరికినప్పుడు ముఖ్యమైన జాయింట్ల పక్కన, సప్లై తీసి ఎర్త్ చేశాక, చిన్న పెయింటు చుక్క పెట్టించాం. లైవులో టేపు అతికించడం లాంటి సాహసాలు వద్దు.

రెండో సెట్టింగు, ఎదుటి నుంచి తిరిగొచ్చే వేడి. దీన్ని చాలామంది ముట్టుకోరు. వంటింటి అల్యూమినియం ఫాయిలు ముక్కను బాగా నలిపి, మళ్లీ విప్పి ఒక అట్టకి చుట్టి, కొలవాల్సిన వస్తువు దగ్గర పెట్టాలి. లైవు ప్యానెల్లో మాత్రం కాదు, దూరంగా బయట. ఎమిసివిటీ 1 పెట్టి ఫాయిలు మీద సగటు చూస్తే ఆ చోటుకి సరిపడే అంకె వస్తుంది. మా షెడ్డు రేకుల కప్పు. మే నెల మధ్యాహ్నం ఆ రేకులు కాలిపోతుంటాయి, పొద్దున వచ్చిన అంకెకీ అప్పటి అంకెకీ పొంతన ఉండదు. ఆరుబయటి యార్డులో అయితే తిరకాసు ఇంకో రకం. నిర్మలమైన ఆకాశం కెమెరాకి గడ్డకట్టేంత చల్లగా కనిపిస్తుంది, కింద నుంచి పైకి చూస్తే మెరిసే క్లాంపులు (తీగలను పట్టి ఉంచే బిగింపులు) ఆ చల్లదనాన్ని తెచ్చి చూపిస్తాయి. ఎండ మెరుపు పడితే దానికి తలకిందులు. కాబట్టి యార్డు పని తెల్లవారుజామునే, సూర్యుడు రాకముందే. గాలి బాగా వీస్తుంటే మానేస్తాం, వేడి జాయింటునూ అది చల్లార్చి మనల్ని నమ్మిస్తుంది.

దూరం సంగతి కూడా యార్డులోనే బోధపడింది. మా లెన్సు 25 డిగ్రీల వెడల్పు చూస్తుంది. లెక్క వేస్తే ఒక మీటరు దూరంలో ఒక్కో పిక్సెల్ 2.7 మిల్లీమీటర్లు. నమ్మదగిన అంకె రావాలంటే అడ్డంగా మూడు, నిలువుగా మూడు పిక్సెళ్లయినా వస్తువు మీద నిండుగా పడాలి. అంటే మీటరు దూరంలో 8 మిల్లీమీటర్ల బోల్టు దాకా ఫర్వాలేదు. ఆరు మీటర్ల ఎత్తున ఉన్న జంపర్ క్లాంపుకి ఐదు సెంటీమీటర్లు కావాలి. అంతకంటే చిన్నదైతే వెనక ఆకాశం కూడా కలిసిపోయి అంకె తగ్గుతుంది. తెరమీద ప్లస్ గుర్తు క్లాంపు మీదే ఉందిగా అని సంబరపడటానికి లేదు.

రంగులతో వచ్చే టెన్షన్ వేరే. కెమెరా ఆటోలో ఉంటే తెరమీద ఉన్నవాటిలో అన్నిటికన్నా వేడిదాన్ని ఎర్రగా, తెల్లగా చూపిస్తుంది, ఆ వేడి ఎంతైనా సరే. ఒకసారి మేనేజర్ సార్ నా భుజం మీదుగా చూసి "ఏమయ్యా, ప్యానెల్ అంటుకునేలా ఉంది, ఆపించెయ్" అన్నారు. పక్కనున్న స్కేలు చూపించాను. కింద 34, పైన 37. మూడు డిగ్రీల తేడాకి అంత ఎరుపు! అప్పటి నుంచి ఒక ప్యానెల్ వరుసకంతా స్కేలును 30 నుంచి 90కి లాక్ చేసి పెడుతున్నాను. బాగున్నవి నీలంగానే ఉండిపోతాయి, చూసేవాడి గుండె కూడా కుదురుగా ఉంటుంది.

ఫొటో తీసేటప్పుడే చూసుకోవాల్సినవి ఫోకస్, దూరం, రేంజి (కెమెరా కొలిచే ఉష్ణోగ్రతల పరిధి). ఎమిసివిటీ, స్కేలు, రంగులు తర్వాత కంప్యూటర్లో మార్చుకోవచ్చు. మసకగా తీసినదాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు, పైగా మసకలో అంకె తక్కువ చూపిస్తుంది. ఏసీ గదిలోంచి షెడ్డులోకి తెచ్చాక కెమెరాని కొంతసేపు ఆన్‌లో ఉంచి వదిలేస్తాను. లోపల షట్టరు అప్పుడప్పుడు టిక్కుమని తనను తాను సరిచేసుకుంటుంది, తరచుగా టిక్కుమంటుంటే ఇంకా కుదురుకోలేదని అర్థం.

కెమెరా ముట్టుకోకుండానే కొలుస్తుంది నిజమే, కానీ తలుపు తీయాలి కదా. లోడు మీద ఉన్న ప్యానెల్ తలుపు తెరవడమే ఈ పని మొత్తంలో ప్రమాదకరమైన భాగం. ఆర్క్ సూటు (విద్యుత్ మంట నుంచి కాపాడే దుస్తులు), ఫేస్ షీల్డు, కాళ్ల కింద రబ్బరు మ్యాటు. మెడలో ఐడీ కార్డు, చేతి గడియారం బయటే. తలుపు తీసేది ఒకరు, కెమెరా పట్టేది ఒకరు. కొన్ని ప్యానెళ్లలో బస్‌బార్ల ముందు పారదర్శకమైన అక్రిలిక్ షీటు ఉంటుంది. కంటికి లోపలంతా కనిపిస్తుంది గానీ ఈ కిరణాలకు అక్రిలిక్, అద్దం రెండూ గోడలే. షీటు మీద వచ్చే అంకె షీటుదే. దాన్ని లైవులో ఊడదీయను. అక్కడి నుంచి బయటికొచ్చిన కేబుళ్లను చూసి సరిపెట్టుకుంటాను.

ఇక అసలు దొరికిన కేసు. రింగ్ ఫ్రేముల షెడ్డుకి వెళ్లే ఫీడర్లో (కరెంటు సరఫరా లైనులో) ఆర్ ఫేజు కేబుల్ లగ్గు దగ్గర 61, వై ఫేజు 94, బి ఫేజు 63. వెంటనే టాంగ్ టెస్టర్ (కేబుల్ చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) వేయించాను. 310, 305, 312 ఆంపియర్లు. లోడు మూడింటికీ ఒకటే అయినప్పుడు వేడి ఒకటే ఉండాలి. ఒక ఫేజులో కరెంటు ఎక్కువుండి వేడెక్కితే అది లోడు సమస్య. కరెంటు సమానంగా ఉండి ఒకటే వేడెక్కితే అది జాయింటు సమస్య. టాంగ్ టెస్టర్ లేకుండా తీసిన థర్మల్ ఫొటో నా దృష్టిలో సగం రిపోర్టే. నేటా (ఎలక్ట్రికల్ టెస్టింగ్ సంస్థల సంఘం) పట్టికలో ఒకే లోడున్న ఒకే రకం భాగాల మధ్య తేడా 1 నుంచి 3 డిగ్రీలైతే గమనించమని, 4 నుంచి 15 అయితే వీలు చూసి బాగుచేయమని, 15 దాటితే వెంటనే చేయమని ఉంటుంది. మాది 30 పైనే.

"సాయంత్రం దాకా ఆగుదామా" అని ప్రొడక్షన్ వాళ్లు బేరం పెట్టారు. అప్పుడు లెక్క చూపించాను. ప్యానెల్ గదిలో 38 డిగ్రీలుంది, అంటే ఆ జాయింటు దానికన్నా 56 డిగ్రీలు ఎక్కువ వేడెక్కింది. ఇది 305 ఆంపియర్ల దగ్గర. అన్ని ఫ్రేములూ నడిచి 400 లాగితే, వేడి స్థూలంగా కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఆ 56 కాస్తా 96 దాకా పోతుంది. గదిది కలిపితే 134. ఎక్స్‌ఎల్‌పీఈ (ఒక రకం ప్లాస్టిక్ ఇన్సులేషన్) కేబుల్ కండక్టరుకి 90 డిగ్రీలే హద్దు. షిఫ్టు మారే టైములో ఫీడర్ ఆపడానికి ఒప్పుకున్నారు.

పర్మిట్ తీసుకుని, ఐసొలేట్ చేసి, సప్లై లేదని టెస్టు చేశాక విప్పాం. రాగి బస్‌బార్ మీద మామూలు అల్యూమినియం లగ్గు బిగించి ఉంది, కాంటాక్టు ముఖం నల్లబడి గరుకుగా ఉంది. అల్యూమినియం వేడికి రాగికంటే ఎక్కువ సాగుతుంది. ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ బిగువు పోతుంది, పైన ఆక్సైడు పొర కడుతుంది, రెసిస్టెన్సు పెరిగి మళ్లీ వేడి పెరుగుతుంది. కేబుల్ చివర కోసి, బైమెటాలిక్ లగ్గు (రాగి, అల్యూమినియం రెండూ కలిపి చేసినది) కొత్తగా క్రింప్ చేసి, టార్క్ రెంచితో బిగించాం. లోడు వచ్చి కుదురుకున్నాక చూస్తే 62. ముందు ఫొటో, తర్వాత ఫొటో, రెండిటి పక్కనా ఆంపియర్లు, గది ఉష్ణోగ్రత, ఎమిసివిటీ, దూరం రాసి ఫైల్లో పెట్టాను.

వేడిగా ఉన్నదల్లా జబ్బు కాదు. ఎప్పుడూ ఎనర్జైజ్ అయి ఉండే కాంటాక్టర్ (కరెంటుతో పనిచేసే స్విచ్చు) కాయిలు వేడిగానే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ రేడియేటర్ పైన వేడిగా, కింద చల్లగా ఉండటమే ఆరోగ్యం, వరుసలో ఒక్క రెక్క పైనుంచి కిందదాకా చల్లగా ఉంటే అక్కడ ఆయిలు తిరగడం లేదని అనుమానించాలి. మోటార్ల మీద దూది నూగు పేరుకుంటే కెమెరాకి కనిపించేది నూగు ఉష్ణోగ్రతే, ముందు దులిపించాలి.

మూడు ఫేజుల పోలికకు చిక్కనిది ఒకటి లైటింగ్ బోర్డులో దొరికింది. ఫేజులు మూడూ 47 దగ్గర బుద్ధిగా ఉన్నాయి, న్యూట్రల్ 66. టాంగ్ టెస్టర్ వేస్తే ఫేజుల్లో నలభై చొప్పున, న్యూట్రల్లో 58 ఆంపియర్లు. షెడ్డు లైట్లన్నీ ఎల్‌ఈడీకి మార్చాక వచ్చిన మూడో హార్మోనిక్ (మామూలు ఫ్రీక్వెన్సీకి మూడు రెట్లతో వచ్చే కరెంటు) ఇది. మూడు ఫేజులదీ న్యూట్రల్లో ఒకదానికొకటి కొట్టుకుపోకుండా కలిసిపోతుంది. పాత బోర్డు కాబట్టి న్యూట్రల్ ఫేజుల్లో సగం సైజుదే వేశారు. ఇక్కడ లగ్గు బిగించి లాభం లేదు, కేబులే మార్చాలి. ఫేజు సైజు కంటే ఒక మెట్టు పెద్దది వేద్దామని ఇండెంటు పెట్టాను. అది వచ్చేదాకా ఆ బోర్డు మీది లైట్లలో కొన్నిటిని పక్క బోర్డుకి మార్చి, వారం వారం న్యూట్రల్ చూసి రిజిస్టర్లో రాస్తున్నాం.