సీహాక్స్ 2014: చివరి గజానికి ముందు జరిగినది

సియాటిల్ పరిసరాల్లో స్థిరపడిన మన తెలుగువాళ్ళలో అమెరికన్ ఫుట్‌బాల్ చూసే అలవాటున్న వారెవరిని కదిపినా, 2014 సీజన్ ప్రస్తావన రాగానే చెప్పే మాట ఒక్కటే: చివరి గజంలో పాస్ విసరకుండా, బంతితో పరిగెత్తే మార్షాన్ లించ్ చేతికి ఇచ్చి ఉంటే, ఛాంపియన్‌ను తేల్చే సూపర్ బౌల్ మళ్ళీ మన సియాటిల్ జట్టు సీహాక్స్‌దే అయ్యేది. నోటి దగ్గరికి వచ్చిన ముద్ద జారిపోయిందన్న బాధ నాకూ ఉంది. అయితే ఆ ఏడాది ఆటలను వరుసగా చూసినవాడిగా, ఓటమికి మూలం ఆ ఒక్క నిర్ణయంలో ఉందని నేను ఒప్పుకోలేను. ఆ మూలం ముందటి ఏడాది గెలుపులోనే ఉంది.

2014 ఫిబ్రవరి 2న సీహాక్స్ డెన్వర్ బ్రాంకోస్‌ను 43-8 స్కోరుతో చిత్తు చేసి తొలిసారి సూపర్ బౌల్ గెలిచింది. రెండు రోజుల తర్వాత మన హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. ఆ మర్నాడే సియాటిల్‌లో విజయోత్సవ ఊరేగింపు జరిగింది. అప్పటి జట్టు యజమాని పాల్ ఆలెన్ మైక్రోసాఫ్ట్ సహ వ్యవస్థాపకుడే కావడంతో, ఆ వారం మన ఇళ్ళలో రెండు సంబరాలూ కలిసిపోయాయంటే అతిశయోక్తి కాదు.

సంబరం ముగిశాక లెక్కలు మొదలయ్యాయి. ఈ జట్లన్నీ ఆడే లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ప్రతి జట్టూ ఆటగాళ్ళ జీతాలకు ఒక పరిమితికి లోబడే ఖర్చు చేయాలి. 2014లో ఆ పరిమితి 13.3 కోట్ల డాలర్లు. గెలిచిన జట్టులోని ఆటగాళ్ళకు బయట ధర పెరుగుతుంది కాబట్టి అందరినీ అట్టిపెట్టుకోవడం ఎవరి తరమూ కాదు. దాడిని నడిపిస్తూ పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ ఇంకా తన తొలి ఒప్పందం కిందే, ఏడాదికి 10 లక్షల డాలర్ల లోపు జీతానికే ఆడుతున్నాడు గనుక, ఆ మిగులుతో రక్షణ ఆటగాళ్ళు ఎర్ల్ థామస్, రిచర్డ్ షెర్మన్‌లతో పెద్ద ఒప్పందాలు చేసుకోగలిగారు. కానీ పాస్‌లు అందుకునే రిసీవర్ గోల్డెన్ టేట్ డెట్రాయిట్‌కు, ప్రత్యర్థి రిసీవర్లను అడ్డుకునే కార్నర్‌బ్యాక్‌లలో వాల్టర్ థర్మండ్ న్యూయార్క్ జెయింట్స్‌కు, బ్రాండన్ బ్రౌనర్ న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌కు వెళ్ళిపోయారు. ఈ చివరి పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి.

సీజన్ తొలి ఆటలో గ్రీన్ బే ప్యాకర్స్‌ను 36-16తో ఓడించినప్పుడు లోటు ఎవరికీ కనిపించలేదు. ఆ తర్వాత శాన్ డియెగోలో ఓటమి, సొంత మైదానంలో డాలస్ చేతిలో ఓటమి, సెయింట్ లూయిస్‌లో రామ్స్ పన్నిన మాయ ఎత్తులకు 28-26తో మరో ఓటమి. ఆ మధ్యలోనే, ముందటి సూపర్ బౌల్‌లో కిక్‌ఆఫ్ బంతిని అందుకుని 87 గజాలు పరిగెత్తి, గోల్ గీత దాటించి టచ్‌డౌన్ చేసిన పెర్సీ హార్విన్‌ను న్యూయార్క్ జెట్స్‌కు ఇచ్చేశారు. నవంబర్ 16న కేన్సస్ సిటీలో కూడా ఓడాక జట్టు ఆరు గెలుపులు, నాలుగు ఓటములతో నిలిచింది. ఛాంపియన్ల పని అయిపోయిందని రాసినవారికి కొదవ లేదు.

నాకు మాత్రం ఆ ఏడాదంతటిలోనూ అత్యంత ఇష్టమైన ఘట్టం ఆ ఓటమి తర్వాతే మొదలైంది. కాలి బొటనవేలి గాయంతో ఐదు ఆటలకు దూరమైన, రక్షణ దళంలోని లైన్‌బ్యాకర్ బాబీ వాగ్నర్ తిరిగి వచ్చాడు. ఆ తర్వాతి ఆరు ఆటల్లో ప్రత్యర్థులు చేసిన పాయింట్లు వరుసగా 3, 3, 14, 7, 6, 6. అంటే ఆరు ఆటల్లో మొత్తం 39. ఆరూ గెలిచి, 12-4తో సీజన్ ముగించి, వరుసగా మూడో ఏడాది లీగ్‌లో అతి తక్కువ పాయింట్లు ఇచ్చిన జట్టుగా నిలిచారు. అరిజోనాలో లించ్ ఒక్కొక్కరినీ విదిలించుకుంటూ 79 గజాలు పరిగెత్తింది కూడా ఆ రోజుల్లోనే.

ప్యాకర్స్‌తో ఆడిన, సూపర్ బౌల్‌కు చేర్చే ఎన్ఎఫ్‌సీ ఫైనల్ గురించి ఎక్కువ చెప్పను; అది నైపుణ్యంతో పాటు అదృష్టమూ కలిసివచ్చిన గెలుపు. విల్సన్ నాలుగు ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి చేతికి చిక్కిన పాస్‌లు) ఇచ్చాడు, సగం ఆట ముగిసేసరికి ప్యాకర్స్ 16-0 ఆధిక్యంలో ఉన్నారు. చివర్లో సీహాక్స్, బంతిని తామే తిరిగి దక్కించుకోవాలని దగ్గరగా కొట్టే ఆన్‌సైడ్ కిక్ కొట్టినప్పుడు, వెనకున్న సహచరుడికి వదిలేయవలసిన బంతికి ప్యాకర్స్ ఆటగాడు బ్రాండన్ బోస్టిక్ ఎగరడం, అది అతని చేతుల్లోంచి జారి సీహాక్స్ ఆటగాడు క్రిస్ మాథ్యూస్‌కు చిక్కడం జరగకపోతే, ఓవర్‌టైమ్ దాకా వెళ్ళి 28-22తో గెలిచే అవకాశమే ఉండేది కాదు.

2015 ఫిబ్రవరి 1న గ్లెండేల్‌లో పేట్రియట్స్‌తో ఆడిన సూపర్ బౌల్‌లో, నాలుగో క్వార్టర్ మొదలయ్యేసరికి సీహాక్స్ 24-14 ఆధిక్యంలో ఉంది. అప్పటికే జట్టు లోపల డొల్లయింది. మూడో కార్నర్‌బ్యాక్ జెరెమీ లేన్ తొలి క్వార్టర్‌లోనే చేయి విరిగి వెళ్ళిపోయాడు. క్వార్టర్‌బ్యాక్ మీద ఒత్తిడి పెట్టగల క్లిఫ్ ఏవ్రిల్ తలకు దెబ్బ తగిలి తప్పుకున్నాడు. షెర్మన్, థామస్, మరో రక్షణ ఆటగాడు చాన్సలర్ ముగ్గురూ గాయాలతోనే ఆడుతున్నారు. లేన్ స్థానంలో వచ్చిన థారల్డ్ సైమన్‌ను పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ వదలకుండా వేటాడాడు. ఆ ఒక్క క్వార్టర్‌లో బ్రేడీ 15 పాస్‌లు విసిరి 13 పూర్తి చేసి, రెండు టచ్‌డౌన్లు సాధించాడు. ఆధిక్యం తెచ్చిన రెండోది జులియన్ ఎడెల్మన్ పట్టినప్పుడు ఎదుట ఉన్నదీ సైమనే. థర్మండో బ్రౌనరో ఇంకా జట్టులో ఉంటే అక్కడ నిలబడేది మరొకరు. ఆట చేజారింది అక్కడేనని నా అభిప్రాయం.

ఇక ఆ చివరి గజం. గెలుపు టచ్‌డౌన్‌కు ఒక్క గజం దూరం, మిగిలినవి 26 సెకన్లు, నాలుగు ప్రయత్నాల్లో రెండోది, గడియారాన్ని ఆపించే టైమౌట్ చేతిలో ఒక్కటే. లించ్‌తో పరిగెత్తించి ఆగిపోతే ఆ టైమౌట్ ఖర్చవుతుంది. పాస్ నేల మీద పడితే గడియారం దానంతట అదే ఆగుతుంది. ఎదుట పేట్రియట్స్ పరుగును ఆపడానికే బలగాన్ని మోహరించారు. కాబట్టి పాస్ వేయడంలో తర్కం ఉంది. రద్దీగా ఉన్న లోపలి వైపు విసరడాన్ని మాత్రం నేను సమర్థించను. ఎత్తు ఏమిటంటే, ముందు నిలబడ్డ జెర్మేన్ కర్స్ ఎదుటివారికి అడ్డుపడాలి, అతని వెనక నుంచి రికార్డో లాకెట్ లోపలికి దూసుకువచ్చి బంతి పట్టాలి. కర్స్ ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేకపోయాడు. అతణ్ణి గీత దగ్గరే రెండు చేతులతో నిలువరించినవాడు బ్రాండన్ బ్రౌనర్. దారి తెరుచుకోగానే మాల్కమ్ బట్లర్, కొత్త ఆటగాళ్ళను జట్లు ఎంచుకునే ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ ఎంచుకోని కొత్త కుర్రాడు, లాకెట్ కన్నా ముందే బంతిని అందుకున్నాడు. పేట్రియట్స్ 28-24తో గెలిచింది.

బట్లర్ పేరు అందరికీ తెలుసు. నేను మాత్రం ఆ వీడియో వేసినప్పుడల్లా ముందుగా బ్రౌనర్‌నే చూస్తాను; సియాటిల్‌లో మూడేళ్ళు ఆడి, రోజూ సాధనలో ఈ రిసీవర్ల ఎదుటే నిలబడినవాడు అతను.