జెండాల మధ్యకి రండి

సిడ్నీకి వచ్చిన ఆరేళ్లకు మా బీచ్‌లో ఈతకు దిగేవాళ్లను కాపాడే సర్ఫ్ లైఫ్‌సేవింగ్ క్లబ్‌లో చేరాను. జీతం ఉండదు, వాలంటీర్ పనే. బీచ్‌లో కాపలా కాయడానికి కావాల్సిన అర్హత, బ్రాంజ్ మెడాలియన్, రావాలంటే 400 మీటర్లు 9 నిమిషాల్లోపు ఈదాలి. నాకు మొదటిసారి 11 పట్టింది. నాలుగు నెలలు తెల్లవారకముందే పూల్‌కి వెళ్లి దాన్ని 8 నిమిషాల 40 సెకన్లకు తెచ్చాను.

అంతకన్నా కష్టం నీళ్ల తీరు కనిపెట్టడం. అటూ ఇటూ అలలు విరుగుతుంటే మధ్యలో ముదురు రంగులో, ప్రశాంతంగా ఒక పాయ కనిపిస్తుంది. అదే రిప్, లోపలికి లాగేసే ప్రవాహం. చిన్నప్పుడు విశాఖ ఆర్‌కే బీచ్‌లో అలాంటి చోటే బాగుందని దిగేవాళ్లం. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మొన్న ఆదివారం, మేం కాపలా కాసే చోటుకు గుర్తుగా పాతే ఎరుపు-పసుపు జెండాలకు అవతల ఒక కుటుంబం తెలుగులో మాట్లాడుకుంటూ నీళ్లలోకి దిగబోతోంది. పరుగెత్తాను. "అమ్మా, అటు వద్దు, జెండాల మధ్యకి రండి!" ఆవిడ నా టోపీ వైపు చూసి, "మనవాడివేనా బాబూ!" అంటూ పిల్లాడి చెయ్యి గట్టిగా పట్టుకుని ఇటు నడిచింది.