సమోవార్ చుట్టూ చేరిన ఆడవాళ్లు

మర్జాన్ సత్రాపి బొమ్మల్లో చెప్పిన ‘ఎంబ్రాయిడరీస్’ను ఈ మధ్య చదివాను. ‘పెర్సెపోలిస్’తో పేరు పొందిన ఈ ఇరానీ రచయిత్రి దీనిని 2003లో ఫ్రెంచిలో వెలువరించగా, 2005లో ఇంగ్లీషులోకి వచ్చింది. టెహరాన్‌లో ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక మగవాళ్లు కునుకు తీస్తూ ఉంటే, ఇంటి ఆడవాళ్లూ వారి స్నేహితురాళ్లూ టీ కాచే సమోవార్ చుట్టూ చేరి, పెళ్లిళ్ల గురించీ మొగుళ్ల గురించీ దాపరికం లేకుండా మాట్లాడుకుంటారు. కథంతా అంతే.

విజయనగరంలో పెరిగిన నాకు ఇటువంటి సభ కొత్తది కాదు. మా ఇంట్లోనూ అప్పడాలు వత్తే మధ్యాహ్నాలలో ఇవే సంగతులు దొర్లేవి. కాకపోతే పిల్లల అలికిడి వినబడగానే మాట కందిపప్పు ధర మీదికి మళ్లేది. సత్రాపి అమ్మమ్మ మాత్రం ఎదిగిన మనవరాలి చేతనే టీ పెట్టించి, ఆమె ముందే అన్నీ మాట్లాడుతుంది. మూడు పెళ్లిళ్లు చేసుకున్న మనిషి, ఎవరికి జంకుతుంది!

ఈ పుస్తకంలో బొమ్మలను విడదీసే గళ్లు ఉండవు. నలుపు తెలుపుల్లో గీసిన ముఖాలు, చేతిరాతలో సాగే మాటలు ఒకదానిలోకి ఒకటి ఒరుసుకుంటూ పోతాయి కనుక, ఒకరి మాట పూర్తి కాకముందే ఇంకొకరు అందుకునే ఆ సందడి పేజీ మీదనే కనిపిస్తుంది.

పర్వీన్ అనే ఆమె కథ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పదమూడేళ్ల పిల్లను అరవై తొమ్మిదేళ్ల సైన్యాధికారికి కట్టబెడితే, ఆమె పెళ్లినాటి రాత్రే పారిపోయి చుట్టాలింటికి చేరుతుంది. మా ఊరివాళ్లెవరైనా ఇక్కడ గురజాడను తలచుకోక మానరు. 1892లో ఈ ఊళ్లోనే తొలిసారి ఆడిన ‘కన్యాశుల్కం’లో సుబ్బిని మేనమామ ఎత్తుగడ కాపాడింది, ఆయన గేయంలో ముసలివాడికి అమ్ముడుపోయిన పూర్ణమ్మ కొలను పాలైంది. ఒకరిని మగవాళ్ల తెలివి గట్టెక్కించింది, ఇంకొకరికి చావు తప్ప దారి లేకపోయింది. పర్వీన్ అయితే తన కాళ్ల మీద తానే బయటపడి, ఎన్నో ఏళ్ల తరవాత టీ తాగుతూ, తన పెళ్లి కథను తానే చెబుతుంది. పూర్ణమ్మకు గురజాడ కన్నీరు దక్కింది కానీ, ఇలా కూర్చుని చెప్పుకునే వయసు దక్కలేదు.

ఒక్క అసంతృప్తి ఉంది. వీరంతా కలిగిన కుటుంబాల ఆడవాళ్లు. ఆ ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్ల మధ్యాహ్నం ఎలా గడిచేదో ఈ పుస్తకం పట్టించుకోదు.

మా పెద్దమ్మకు ఇంగ్లీషు రాదు కనుక పర్వీన్ కథను నేనే చెప్పాను. అర్ధరాత్రి పరుగు దగ్గరికి రాగానే ఆపి, “మరి ఆళ్లు తలుపు తీసినారేటే?” అని అడిగింది. తీశారని చెప్పాక గానీ మిగతా కథను సాగనివ్వలేదు.