ఆవకాయ ఉంది, అన్నమే లేదు

నాలుగున్నర నెలలు అన్నం ముట్టలేదు. అన్నమొక్కటే కాదు, ఇడ్లీ, దోసె, చపాతీ, ఉప్మా, అరటిపండు, బంగాళాదుంప, ఆఖరికి టీలో పంచదార కూడా. గుడ్లు, నెయ్యి, వెన్న, పనీర్, మటన్, చేపలు, ఆకుకూరలు, వంకాయ, బీరకాయ, దోసకాయ, వీటితోనే గడిపాను. కీటో డైట్ అంటారే, అదే. ఎవరికి చెప్పినా మొదట అడిగేది ఒకటే, "అంత నెయ్యి ఎలా తిన్నావయ్యా బాబూ?" అని. నెయ్యి తినడం ఏం కష్టం? గుంటూరోడికి నెయ్యి తినడం ఎవరైనా నేర్పాలా? అసలు కష్టం వేరే ఉంది, అది చెబుదామనే ఈ పోస్టు.

ముందు నా సంగతి. వయసు 47. మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో లెక్కలు చూస్తాను. సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి మే దాకా మాకు ఊపిరాడదు. తెల్లారేసరికి లారీలు, టిక్కీలు (మిరపకాయ బస్తాలు), కాటాలు, బేరాలు, సాయంత్రం పట్టీలు రాసే హడావిడి. ఆ ఘాటులో గొంతు తడుపుకోవడానికి రోజుకి ఏడెనిమిది టీలు, మధ్యాహ్నం మూడింటికి ఇంటికెళ్ళి ఆకలి మీద కంచం నిండా అన్నం, కాసేపు కునుకు, మళ్ళీ కొట్టు. ఇలా ఇరవై ఏళ్ళు. చివరికి తేలింది ఏంటంటే 91 కిలోలు, మూణ్ణెల్ల సగటు షుగర్ 7.8, పొద్దున్నే మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర.

ఈ కీటో గోల మనకి కొత్తేం కాదు. 2017, 18 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ గురించి మాట్లాడుకోని ఇల్లు లేదు. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, మల్టీవిటమిన్ మాత్రలు. అప్పట్లో మా బాబాయ్ కొబ్బరి నూనె గ్లాసులో పోసుకుని ముక్కు మూసుకుని తాగుతుంటే మేమంతా వసారాలో కూర్చుని నవ్వాం. ఇప్పుడు ఆయన నవ్వుతున్నాడు. అసలు ఈ పద్ధతి బరువు తగ్గడానికి పుట్టింది కూడా కాదట. ఉపవాసం ఉంటే మూర్ఛ రోగులకి ఫిట్స్ తగ్గుతున్నాయని అప్పటి డాక్టర్లు గమనించారు, కానీ మనిషిని ఎల్లకాలం పస్తుంచలేరు కదా, అందుకని కడుపు నిండా తింటున్నా ఒళ్ళు మాత్రం ఉపవాసంలో ఉన్నట్టే నడిచే తిండి ఒకటి ఆలోచించారు. 1921లో అమెరికాలోని మాయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ అనే డాక్టర్ దానికి కీటోజెనిక్ అని పేరు పెట్టాడు. పిండిపదార్థం అందకపోతే లివరు కొవ్వును కరిగించి కీటోన్లు తయారుచేస్తుంది, మెదడు కూడా చాలావరకు వాటితోనే నడుస్తుంది. విషయం ఇంతే.

నన్ను కదిలించింది మాత్రం వైల్డరూ కాదు, బాబాయీ కాదు. మా అమ్మాయి కేకులు చేస్తానని తెప్పించుకున్న చిన్న తూకం మిషన్. ఒకరోజు మధ్యాహ్నం సరదాకి నేను పెట్టుకున్న అన్నం దాని మీద తూచింది. 420 గ్రాములు. అది మొదటి వాయి మాత్రమే, పెరుగులోకి వేసుకునేది కాకుండా. వండిన అన్నం వంద గ్రాములకి 28 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. అంటే పప్పూ కూరా కలపకముందే దాదాపు 118 గ్రాములు. కీటోలో రోజు మొత్తానికి 20 నుంచి 50 గ్రాములు అంటారు. ఆ లెక్కన నేను ఒక్క పూటలో తక్కువలో తక్కువ రెండు రోజుల కోటా లాగించేస్తున్నాను. లెక్కలు రాసుకుని బతికేవాడిని, అంకె కనబడితే ఊరుకోలేను.

మొదలుపెట్టేటప్పుడు పెద్ద తప్పు చేశాను. డాక్టరుకి చెప్పలేదు. మాత్ర ఎప్పటిలాగే వేసుకుంటూ తిండి మాత్రం మార్చేశాను. ఐదో రోజు పొద్దున మూడు గుడ్లు నెయ్యిలో వేయించుకు తిని బండి మీద బయల్దేరాను, శంకర్ విలాస్ సెంటర్ దాటుతుంటే చేతులు వణకడం మొదలైంది. ముందు చలేమో అనుకున్నా, గుంటూరులో చలేంటి నా మొహం. చొక్కా వీపుకి అంటుకుపోయింది, హ్యాండిల్ పట్టు దొరకట్లేదు, పక్క షాపు బోర్డు మీద అక్షరాలు కదులుతున్నాయి. బండి ఆపి టీ కొట్టు బల్ల మీద కూలబడ్డాను. టీ పోసే కుర్రాడు నా మొహం చూసి ఏం అడగకుండానే గ్లాసులో నాలుగు చెంచాల పంచదార వేసి నీళ్ళు పోసి కలిపి చేతికిచ్చాడు. వాళ్ళ నాన్నకి కూడా షుగరేనట. తాగిన పది నిమిషాలకి మనిషినయ్యాను. ఎలాగో ఇంటికొచ్చి మీటర్‌తో చూస్తే అప్పటికి 74, అంటే అక్కడ ఇంకెంత పడిపోయి ఉంటుందో.

తర్వాత డాక్టర్ తిట్టి మరీ చెప్పారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే మామూలుగా షుగర్‌ని అలా పడేయదు. గ్లిమెపిరైడ్ అలా కాదు, నువ్వు అన్నం తిన్నావా గుడ్డు తిన్నావా అని చూడదు, క్లోమాన్ని పిండి ఇన్సులిన్ బయటికి తెస్తూనే ఉంటుంది. అన్నం ఆపిన రోజే దాని మోతాదు సంగతి తేల్చుకోవాలి. నాకు గ్లిమెపిరైడ్ ఆపేశారు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి కొత్త మాత్రలు వాడేవాళ్ళయితే ఇంకా జాగ్రత్త, వాటితో పాటు ఇలాంటి డైట్ చేస్తే షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో కీటోన్లు ప్రమాదకరంగా పెరిగిపోవచ్చట. షుగర్ ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మిగతాదంతా మర్చిపోయినా పర్లేదు, ఈ పేరా మాత్రం గుర్తుపెట్టుకోండి.

మొదటి వారంలో మూడు కిలోలు తగ్గి యార్డంతా చాటింపు వేసుకున్నాను. అందులో ఎక్కువ భాగం నీళ్ళేనని తర్వాత తెలిసింది. ఒంట్లో చక్కెర నిల్వ అరకిలో దాకా ఉంటుంది, అందులో ప్రతి గ్రామూ మూడు గ్రాముల దాకా నీటిని పట్టుకుని ఉంటుంది, నిల్వ కరిగితే నీళ్ళూ పోతాయి. నీళ్ళతో పాటు ఉప్పూ పోతుంది. రెండో వారం తలనొప్పి, కాళ్ళు లాగడం, మెట్లెక్కితే నీరసం. మజ్జిగలో ఉప్పు, నిమ్మకాయ పిండుకుని రెండు గ్లాసులు తాగితే అరగంటలో సర్దుకునేది. మలబద్ధకం గురించి ఎక్కువ రాయను, తోటకూర, గోంగూర ఎంత తింటే అంత మంచిది. ఇంకోటి, మూడో వారంలో మా అమ్మాయి దగ్గరికొచ్చి "నాన్నా, నీ దగ్గర నెయిల్ పాలిష్ తుడిచే మందు వాసన వస్తోంది" అంది. నిజమే, కీటోన్లలో ఒకటైన ఎసిటోన్ ఊపిరిలో బయటికి వస్తుంది, ఆ మందులో ఉండేదీ అదే. యార్డులో మిరపకాయ ఘాటుకి ఎవరికీ తెలియలేదు కాబట్టి పరువు దక్కింది.

ఆకలి మాత్రం ఆశ్చర్యంగా తగ్గింది. పొద్దున గుడ్లు తింటే రెండింటి దాకా తిండి ధ్యాసే ఉండేది కాదు. నా అనుమానం, ఇందులో మాయ ఏమీ లేదు, ఆకలి వేయక తక్కువ తిన్నాను, అంతే.

ఇక అసలు కష్టం. మన తిండి మొత్తం అన్నం చుట్టూ అల్లుకుని ఉందండీ. ఆవకాయలో ఏముంది? మామిడికాయ, ఆవపిండి, కారం, ఉప్పు, మెంతులు, పప్పునూనె. పిండిపదార్థం లెక్కన చూస్తే ఒక్క బద్దకి వంక పెట్టడానికేం లేదు. గోంగూర పచ్చడీ అంతే. కానీ దేంట్లో కలుపుకోవాలి? గుడ్డు మీద ఆవకాయ పూసుకుని తిన్నాను, పనీర్‌కి అద్దుకుని తిన్నాను, ఏదీ ఎదురు నిలబడలేదు. క్యాలీఫ్లవర్ తురిమి ఆవిరి మీద ఉడికించి అన్నంలా పెట్టింది మా ఆవిడ. మా అమ్మ వేలితో ఓసారి అటూ ఇటూ కదిపి చూసి, "గేదెకి తౌడు కలిపినట్టుందిరా" అంది. ఆ తర్వాత ఎప్పుడు తిన్నా నాకు గేదే గుర్తొచ్చేది.

పెరుగు సంగతి ఇంకా విచిత్రం. గిన్నెడు మీగడ పెరుగు చెంచాతో తినేసేవాడిని, కడుపు నిండేది, కానీ భోజనం అయిపోయినట్టే ఉండేది కాదు. పెరుగన్నం చివరి ముద్ద తిని కంచంలో చెయ్యి కడుక్కుంటేనే మనకి పూట ముగిసినట్టు. చేతికి మెతుకు అంటకపోతే ఏం కడుక్కుంటాం? కాసేపు ఊరికే కూర్చుని లేచేవాడిని.

పెళ్ళిళ్ళలో అయితే చెప్పక్కర్లేదు. తెనాలిలో మా పెదనాన్న మనవరాలి పెళ్ళికెళ్తే, వేడన్నం బేసిన్ పట్టుకున్న కుర్రాడు నా విస్తరి దగ్గర మూడుసార్లు ఆగాడు. నాలుగోసారి అత్తయ్య లేచొచ్చి "ఏరా, కొత్తల్లుడు అలిగినట్టు అన్నం మీద అలిగావేంట్రా?" అని గట్టిగా అడిగింది. పక్క వరసలో ఎవరో "షుగర్ బాగా ముదిరిందంట" అన్నారు. ఇంకొకరు "అందుకే అలా చిక్కిపోయాడు" అన్నారు. పన్నెండు కిలోలు తగ్గానని నేను మురిసిపోతున్నది వాళ్ళ కళ్ళకి రోగంలా కనిపించింది.

ఇంట్లో కూడా అంతే. మా అమ్మ నలభై ఏడేళ్ళుగా నేను గుమ్మంలోకి రాగానే అడిగేది "అన్నం తిన్నావా?" అనే. మొదట్లో "లేదమ్మా, తిన్నాను" అనేవాడిని, అదేం సమాధానమో నాకే తెలియదు. తిన్నానంటే అబద్ధం, తినలేదంటే ఆవిడకి బెంగ. పనంతా మా ఆవిడ మీద పడింది, అది కూడా ఒప్పుకోవాలి. నాకొక వంట, మిగతా వాళ్ళకొక వంట, పైగా నేను స్టవ్ పక్కన నిలబడి "ఇందులో ఉల్లిపాయ ఎంత వేశావు?" అని ఆరా తీయడం. ఒకరోజు గరిటె నా చేతిలో పెట్టి "మీరే తూచుకుని వండుకోండి" అని వెళ్ళి టీవీ పెట్టుకుంది. అప్పటినుంచి పొద్దున గుడ్లు నావే.

మే మొదట్లో టెస్టులు చేయించాను. 79 కిలోలు. మూణ్ణెల్ల సగటు షుగర్ 6.1. ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో కొవ్వు, 260 నుంచి 135కి దిగాయి. అంతా బాగుందనుకుంటుంటే ఎల్‌డీఎల్, అదే చెడు కొలెస్ట్రాల్, 118 నుంచి 168కి ఎక్కి కూర్చుంది. నెయ్యి, వెన్న, కొబ్బరినూనె, మూడూ నిండా ఎల్‌డీఎల్‌ని పెంచే సంతృప్త కొవ్వే, కొబ్బరినూనెలో అయితే నూటికి 90 పాళ్ళ దాకా. వాటిని తగ్గించి వేరుశెనగ, నువ్వుల నూనెలు, చేపలు, బాదంపప్పులు పెంచమన్నారు, కొంచెం కొంచెంగా అన్నం కూడా కలుపుకోవచ్చన్నారు. 2018లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 609 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి కొవ్వు తగ్గించి, ఇంకో జట్టుకి పిండిపదార్థం తగ్గించి ఏడాది చూశారు. కొవ్వు తగ్గించిన జట్టు సగటున 5.3 కిలోలు తగ్గింది, పిండిపదార్థం తగ్గించిన జట్టు 6. పెద్ద తేడా లేదన్నమాట. ఇది జనవరిలోనే చదివి ఉంటే నేను అన్నం మానేవాడినా? బహుశా మానేవాడినే. నాకు కొంచెం తగ్గించుకోవడం చేతకాదు, పూర్తిగా మానడమే చేతనవుతుంది.

ఆ టెస్టులు వచ్చిన వారానికే ఇంట్లో ఆవకాయ కలిపారు. వంటింట్లో నేల మీద పెద్ద బేసిన్, ఎర్రగా నూనెలో మునిగిన ముక్కలు, మోచేతుల దాకా కారంతో మా అమ్మ. జాడీల్లోకి ఎత్తేశాక బేసిన్ అంచులకి అంటుకున్న గుజ్జులో అప్పుడే దించిన వేడన్నం వేసి, నెయ్యి పోసి కలిపింది. పిల్లలు చేతులు చాపి చుట్టూ కూర్చున్నారు. నేను గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. ఆవిడ నా వైపు చూడలేదు, ఏమీ అనలేదు, వరసలో నా వంతు వచ్చినట్టు ముద్ద చేసి పైకి చాపింది. వంగి అందుకున్నాను. వేలి సందుల్లోంచి నెయ్యి కారుతోంది, మెతుకు మెతుక్కీ ఆవఘాటు, ముక్కులోకి కొట్టి కళ్ళ వెంట నీళ్ళు. అంత చిన్న ముద్దని నేను అంతసేపు నమలడం నా జన్మలో లేదు.

చెయ్యి మళ్ళీ చాపాను.

"చాల్లే, షుగర్ కదరా నీకు" అని ఆ రెండో ముద్ద మా అమ్మాయి చేతిలో పెట్టింది.