కూల్చేముందు కొలతలు

ఇంటినుంచి ఫోన్ చేసినవాళ్ళు ఏం పని చేస్తున్నావురా అని అడిగితే, పాత బిల్డింగులు కూల్చేముందు వాటి కొలతలు తీసే పని అని చెబుతాను. "కూల్చేసేదానికి కొలతలెందుకు?" అని వెంటనే రెండో ప్రశ్న వస్తుంది. ఫోన్‌లో ఆ జవాబు పూర్తిగా చెప్పడం ఎప్పుడూ కుదరలేదు, అందుకే రాస్తున్నాను.

ఇంగ్లండులో మాంచెస్టర్ చుట్టూ, దానికి ఉత్తరాన లాంకషైర్‌లో, పెనైన్ కొండలు దాటితే పశ్చిమ యార్క్‌షైర్‌లో, బట్టల మిల్లుల వల్ల పెరిగిన ఊళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఓల్డమ్, రోచ్‌డేల్, బోల్టన్, బ్లాక్‌బర్న్, బర్న్‌లీ, హాలిఫాక్స్, బ్రాడ్‌ఫర్డ్. ఇటువైపు పత్తి, అటువైపు ఉన్ని. ఒక్క ఓల్డమ్‌లోనే ఒకప్పుడు 300కు పైగా మిల్లులు నడిచాయి. 1980లలో గ్రేటర్ మాంచెస్టర్‌లో మిల్లులన్నీ తిరిగి లెక్క రాశారు. అప్పుడు నిలబడి ఉన్నవాటిలో దాదాపు సగం ఇప్పుడు లేవు. ఓల్డమ్‌లో 1907లో కట్టిన హార్ట్‌ఫర్డ్ మిల్లు చట్టప్రకారం రక్షిత కట్టడమే. ఏళ్ళ తరబడి ఖాళీగా పాడుబడి, చివరికి 2020లో కూల్చివేతకు వచ్చింది. బ్రాడ్‌ఫర్డ్‌లో డ్రమండ్ మిల్లు 2016 జనవరిలో కాలిపోయింది. అదే ఏడాది నవంబరులో హడర్స్‌ఫీల్డ్‌లో న్యూసమ్ మిల్లు, 2022 మార్చిలో కీత్లీలో డాల్టన్ మిల్లులు మంటల్లో చిక్కుకున్నాయి. ఖాళీ మిల్లుకు నిప్పు పెద్ద శత్రువు. నూరేళ్ళపాటు నూనె తాగిన చెక్క నేల ఒక్కసారి అంటుకుంటే ఆపడం ఎవరి తరమూ కాదు.

ఎవరైనా పాత మిల్లు కూల్చి ఇళ్ళు కడతానంటే, స్థానిక కౌన్సిల్ అనుమతి ఇస్తూ చాలాసార్లు ఒక షరతు పెడుతుంది. కూల్చేముందు కట్టడాన్ని నమోదు చేయించి రిపోర్టు ఇవ్వాలి. ఆ నమోదుకు నాలుగు స్థాయిలున్నాయి. మొదటి స్థాయి అంటే బయటినుంచి ఫొటోలు, నాలుగు ముక్కల వర్ణన. నాలుగోది ఆ కట్టడం పుట్టుపూర్వోత్తరాలన్నీ తవ్వితీయడం. మా టీమ్‌కు ఎక్కువగా వచ్చేది మూడోది. హైదరాబాద్‌లో సివిల్ చదివి, ఇక్కడ మాస్టర్స్ చేసి, వీసా స్పాన్సర్ చేసే కంపెనీ దొరుకుతుందా లేదా అన్న టెన్షన్‌లో ఉన్నప్పుడు వచ్చిన ఉద్యోగమిది. దొరికిందే చాలు అనుకుని చేరాను. ఇప్పుడు వేరే పనికి రమ్మన్నా వెళ్ళను.

పని ఎలా ఉంటుందంటే, ముందు ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ప్రమాదమైన పాత నిర్మాణ సామగ్రి) ఉందేమో చూసినవాళ్ళు ఏ గదుల్లోకి వెళ్ళొచ్చో చెబుతారు. హెల్మెట్, మాస్కు, ఇనుప ముందుభాగమున్న బూట్లు వేసుకుని వెళతాం. పావురాల రెట్ట చీలమండల దాకా పేరుకున్న అంతస్తులుంటాయి. ట్రైపాడ్ మీద స్కానర్ పెడితే అది చుట్టూ తిరుగుతూ లేజర్‌తో ప్రతి గోడనీ, ప్రతి దూలాన్నీ చుక్కలుగా నమోదు చేస్తుంది. ఒక్కో గదిలో చోటు మార్చి మార్చి పెట్టాలి, లేదంటే స్తంభాల వెనక భాగం రాదు. సాయంత్రానికి కోట్ల చుక్కలు కలిసి కంప్యూటర్‌లో మిల్లంతా నిలబడుతుంది. పాయింట్ క్లౌడ్ అనే ఆ చుక్కల నమూనాలో గోడల గుండా నడవొచ్చు, కప్పు తీసి పైనుంచి చూడొచ్చు.

నాకు అంతకంటే ఇష్టమైనది గోడల్ని చదవడం. మా టీమ్ లీడ్ ఓల్డమ్‌లోనే పుట్టి పెరిగింది, ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. పోత ఇనుప స్తంభం పైభాగంలో ఒకవైపు బోల్టు రంధ్రాలతో చదునైన పలక ఉంటే, అక్కడ యంత్రాలకు శక్తినిచ్చే పొడవాటి ఇరుసు వేలాడేదని అర్థం. ఇంజన్ గది పక్కన అన్ని అంతస్తులనూ కలుపుతూ ఇరుకైన నిలువు గది కనిపిస్తే, ఒకప్పుడు తాళ్ళు గిరగిరా తిరుగుతూ పై అంతస్తుల్ని నడిపించింది అక్కడినుంచే. నేత షెడ్ల కప్పు రంపపు పళ్ళలా ఉంటుంది. అద్దాలన్నీ ఉత్తరం వైపే, ఎండ నేరుగా పడకుండా వెలుగు మాత్రం రావాలని. నూలు వడికే పెద్ద గదుల్లో నేలచెక్క నున్నగా మెరుస్తుంది. నూనె పట్టిన నేల మీద జారకుండా అక్కడి కార్మికులు వట్టి కాళ్ళతో నడిచేవారట. తరాల పాదాలు అరగదీసిన నేల అది. దాని మీద బూటు వేసుకుని నిలబడడం నాకు ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది.

సైట్‌కు వెళ్ళేముందు పాత మ్యాపులు చూస్తాం. 1850 ప్రాంతంలో ఇక్కడి పట్టణాలకు మైలుకు అయిదడుగుల చొప్పున గీసిన మ్యాపులున్నాయి. వీధి దీపాలు, నీటి పంపులు కూడా కనిపిస్తాయి. స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం తన సైట్‌లో పెట్టిన పాత మ్యాపుల్ని ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మా రిపోర్టులు చివరికి జిల్లా చారిత్రక కట్టడాల రికార్డుకు, యార్క్‌లోని ఆర్కియాలజీ డేటా సర్వీసుకు చేరతాయి. అవీ అందరికీ అందుబాటులో ఉంటాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. రికార్డు చేశాం కదా, ఇక కూల్చేయొచ్చు అనే వాదన చాలా సమావేశాల్లో విన్నాను. ఇంగ్లండు ప్రణాళికా విధానంలోనే దీనికి సమాధానం రాసి ఉంది. నమోదు చేయగలగడాన్ని, కూల్చడానికి అనుమతించాలా వద్దా అన్న నిర్ణయంలో లెక్కలోకి తీసుకోకూడదు. నేను గీసే డ్రాయింగు ఆ కట్టడానికి బదులు కాదు, కాలేదు. బ్లాక్‌బర్న్‌లో 1848 నాటి మార్కెట్ గడియార స్తంభాన్ని 1964 చివర్లో పడగొట్టారు. అప్పటి ఫొటోలు ఎన్నో ఉన్నాయి. అక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ దాని గురించి చెప్పేటప్పుడు గొంతు మారుతుంది. ప్రెస్టన్‌లో గిల్బర్ట్ స్కాట్ అనే ఆర్కిటెక్ట్ గీసిన టౌన్‌హాలు 1947లో కాలి, మిగిలిన భాగం 1962లో పోయింది. అదే ఊళ్ళో 1969 నాటి బస్ స్టేషన్‌ను కూడా పడగొట్టాలని చూస్తే జనం పట్టుబట్టారు. 2013లో దానికి రక్షణ వచ్చింది, ఈ రోజుకీ బస్సులు అందులోనుంచే నడుస్తున్నాయి. నెల్సన్‌లో వైట్‌ఫీల్డ్ అనే పేటలో రాతి ఇళ్ళ వరుసల్ని కూల్చబోతే అడ్డుకున్నవాళ్ళలో ఆ ఇళ్ళలో ఉంటున్న దక్షిణాసియా కుటుంబాలు ఎక్కువ. అడిగేవాళ్ళుంటే కట్టడాలు నిలుస్తాయి.

మా పెద మావయ్య పెడనలో గుంట మగ్గం మీద జీవితమంతా నేసినవాడు. నా పని గురించి విని ఒకసారి, "మన మగ్గాల నోట్లో మట్టి కొట్టింది ఆ మిల్లులే కదరా. పోతే పోనీ" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. బ్లాక్‌బర్న్ నేత షెడ్లు మనకోసమే పంచెలు నేశాయి. నరసాపురం దగ్గర మాధవాయపాలెంలో ఈస్టిండియా కంపెనీకి గుడ్డల కొఠీ ఉండేది. అక్కడ మనవాళ్ళు నేసిన రకాన్నే తర్వాత లాంకషైర్ మిల్లులు నేసి ఓడలకెత్తాయి. అమెరికాలో అంతర్యుద్ధం జరిగిన 1861-65 మధ్య ఇక్కడ పత్తి కరువు వచ్చి మిల్లులు ఆగిపోతే, మన పత్తి కోసం వెతుక్కున్నదీ ఈ ఊళ్ళే. ఈ లెక్కలన్నీ రికార్డులో ఉండాలి. మిల్లు మాయమైతే ఆ లెక్క చూపించడానికి చోటు కూడా మిగలదు. అదే చెప్పాను, "మావయ్యా, సాక్ష్యం పోతే కేసు కూడా పోతుంది" అని.

బర్న్‌లీ దగ్గర హార్ల్ సైక్‌లో క్వీన్ స్ట్రీట్ మిల్లు ఉంది. 1890లలో కట్టారు. ఆవిరితో నడిచిన నేత షెడ్లలో చివరిది, 1982 దాకా నేసింది, ఇప్పుడు మ్యూజియం. 300కు పైగా మగ్గాలు అలాగే ఉన్నాయి. అక్కడినుంచి ఆయనకు వీడియో కాల్ చేశాను. కొన్ని మగ్గాలు నడిపి చూపిస్తుంటే ఆ మోతకు మాటలు వినపడలేదు. అన్నీ ఒకేసారి నడిచిన రోజుల్లో ఆడవాళ్ళు పెదవుల కదలికలు చూసి మాట్లాడుకునేవారట. మావయ్య ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పెట్టుకుని నాడె (అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్ళేది) పోతున్న తీరు చూశాడు. బయటికి వచ్చాక ఆయన అడిగింది ఒకటే: "ఆ చప్పుడులో చెవులు పోవూ? వాళ్ళకెంత ఇచ్చేవాళ్ళు?" నేతగాడు నేతగాడి గురించి అడిగిన ప్రశ్న అది. అప్పటినుంచి ఆయన ప్రతి సైట్ గురించీ అడుగుతాడు.

ఈ పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది తెలిసింది ఒక పెద్దాయన వల్ల. రోచ్‌డేల్ వెళ్ళే దారిలో ఒక మిల్లు, కూల్చివేతకు తేదీ ఇచ్చేశారు. మేం గేటు దగ్గర సామాను దించుతుంటే తెల్లగడ్డం ఆయన ఆగి చూస్తున్నాడు. నన్ను చూసి ఉర్దూలో, "లోపలికి రానిస్తారా?" అని అడిగాడు. మా హైదరాబాదీ హిందీలో కుదరదని చెప్పాను, నేల కుంగిపోయే స్థితిలో ఉంది. "ఇరవై రెండేళ్ళు ఇక్కడ రాత్రులు చేశాను బేటా" అన్నాడు. టీమ్ లీడ్‌ను అడిగి, మర్నాడు మధ్యాహ్నం ఆయన్ని దగ్గర్లోని టీ కొట్టుకు పిలిచి లాప్‌టాప్‌లో పాయింట్ క్లౌడ్ తెరిచాను. మెట్లు, రెండో అంతస్తు, మూడో అంతస్తు ఒక్కొక్కటే చూపించాను. మూడో అంతస్తులో చెయ్యి ఎత్తి ఆపమన్నాడు.

తూర్పు చివర ఒక చిన్న గది. పాత ప్లానులో దాని మీద స్టోర్ అని ఉంది. లోపలి గోడకు ఛాతీ ఎత్తులో వరుసగా కొక్కేలున్నాయి. ఎందుకో తెలియలేదు కాబట్టి రిపోర్టు చిత్తుప్రతిలో ఉపయోగం తెలియదని రాసి పెట్టాం. ఆయన ఆ కొక్కేల మీద వేలు పెట్టాడు. అవి రొట్టెల సంచులకు. రాత్రి రెండు గంటలకు పదిహేను నిమిషాల విరామం. ఆవిరి గొట్టం మీద రొట్టెలు వెచ్చబెట్టుకునేవారు. ఆ మూల నమాజుకు. ఈ మూల బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చినవాళ్ళు కూర్చునేవారు, కిటికీ దగ్గర గుజరాతీలు. ఉత్తరం రాయడం వచ్చినవాడు ఒకడుండేవాడు, మిగిలినవాళ్ళ ఉత్తరాలు ఆ విరామంలోనే రాసిపెట్టేవాడు.

1960లలో ఆయన పాకిస్తాన్ పాలనలోని కశ్మీర్‌లో ఉన్న మీర్‌పూర్ నుంచి వచ్చాడు. మంగ్లా డ్యాం కింద వాళ్ళ ఊరు మునిగింది. శ్రీశైలం ముంపు ఊళ్ళ గురించి విన్న మనకు ఆ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. అప్పట్లో మిల్లులు కొత్త యంత్రాలు కొని, పెట్టుబడి రాబట్టడానికి ఇరవై నాలుగ్గంటలూ నడిపాయి. ఫ్యాక్టరీ చట్టాల ప్రకారం ఆడవాళ్ళతో రాత్రి పని చేయించకూడదు. స్థానిక మగవాళ్ళు రాత్రికి ఇష్టపడలేదు. ఆ ఖాళీ నింపింది మన ఉపఖండం మగవాళ్ళు. పగలు పనిచేసేవాడు లేచిన మంచం మీద రాత్రి పనిచేసినవాడు పడుకునేవాడు. ఓ ఇరవై ఏళ్ళలోనే మిల్లులు మూతపడ్డాయి, వీళ్ళు ఇక్కడే ఉండిపోయారు.

ఇంత కథలో ఒక్క ముక్కా పాత ప్లాన్లలో లేదు. స్కానర్‌కు గోడలోని పగులు దొరుకుతుంది, రాత్రి రెండు గంటల విరామం దొరకదు. ఆ పని మనుషులే చేయాలి. గతంలో చేసినవాళ్ళున్నారు. బ్రాడ్‌ఫర్డ్‌లో 1980లలోనే వలస కార్మికుల జ్ఞాపకాల్ని టేపుల్లో భద్రపరిచారు. అక్కడి బెల్ వ్యూ స్టూడియోలో, కొత్తగా వచ్చినవాళ్ళు సూటు వేసుకుని, చేతి గడియారం కనపడేలా కూర్చుని ఇంటికి పంపడానికి తీయించుకున్న ఫొటోల నెగటివ్‌లు చెత్తలో పోవాల్సింది, ఎవరో గుర్తించి కాపాడారు. ఇప్పుడవి మ్యూజియంలో ఉన్నాయి. కానీ ఆ తరం ఇప్పుడు ఎనభై ఏళ్ళ వయసులో ఉంది. మిల్లు కూల్చడానికి తేదీ ముందుగా చెబుతారు, మనుషుల విషయంలో అదీ ఉండదు.

ఆయన మాటల్ని అనుమతి తీసుకుని రికార్డు చేశాం. నేను ఉర్దూ నుంచి ఇంగ్లీషులోకి రాశాను, టీమ్ లీడ్ దాన్ని రిపోర్టుకు అనుబంధంగా చేర్చింది. ప్లానులో ఆ గది పేరు ఇప్పుడు స్టోర్, రాత్రి షిఫ్టు విరామ గది. కౌన్సిల్ పురావస్తు అధికారి దాన్ని అలాగే ఆమోదించారు. ఆ తర్వాతి నుంచి ప్రతి పని ఒప్పందంలో పాత కార్మికులతో మాట్లాడటానికి రెండు రోజులు పెట్టమని అడుగుతున్నాను. కొందరు క్లయింట్లు ఒప్పుకుంటారు, కొందరు ఖర్చు అంటారు. ఒప్పుకోని చోట శనివారాలు నేనే వెళతాను.

మాంచెస్టర్ చుట్టూ ఉన్న గోడౌన్లలో రాత్రుళ్ళు పార్సిళ్ళు సర్దుతున్న తెలుగు పిల్లలు ఎంతోమంది నాకు తెలుసు. పగలు క్లాసు, రాత్రి షిఫ్టు. ఆ రేకుల షెడ్లను ఎవరూ చారిత్రక కట్టడాలనరు, పాతికేళ్ళకు పడగొట్టి ఇంకోటి కడతారు. మీ విరామ గది ఫొటో ఒకటి తీసి పెట్టుకోండి, ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారో, ఏం తింటారో రాసుకోండి అని వాళ్ళకు చెబుతుంటాను. మొదట వింతగా చూశారు. ఇప్పుడు ఇద్దరు ముగ్గురు పంపడం మొదలుపెట్టారు.

వచ్చే వారం బ్లాక్‌బర్న్ వైపు ఒక నేత షెడ్డు పని మొదలవుతుంది. పక్క వీధి మసీదులో, గుజరాతీ సంఘంలో, మూల మీద పబ్బులో ముందే చెప్పి ఉంచాను. ఒక ముసలావిడ అప్పుడే ఫోన్ చేసింది, పదిహేనో ఏట ఆ షెడ్డులో పడుగు పోగులు అతికే పనిలో చేరిందట. మంగళవారం ఉదయం పదకొండింటికి రమ్మంది.